స్కార్ఫ్ తీసేసి లోపలికి రమ్మంటున్నారు – మా పాప విషయంలో ఏం చెయ్యమంటారు?

విభాగం: పిల్లలు, చదువులు

కంటోన్మెంట్ అమ్మీ (విజయనగరం) – సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే, సలాం. నేను ఎక్కువగా వంటల విభాగంలోనే కనిపిస్తాను. ఈ సంగతి ఎక్కడ అడగాలో తెలీక ఇక్కడ రాస్తున్నాను.

మా చిన్నది ఇంటర్ సెకండియర్ బైపీసీ, ప్రైవేటు కాలేజీలో. కాలేజీ పేరు అడగొద్దు, బయటపడితే నష్టపోయేది మా పిల్లే. ఫస్టియర్ అంతా యూనిఫాం మీద తెల్ల స్కార్ఫ్ కట్టుకునే వెళ్ళింది. ఎవరూ ఏమీ అనలేదు. ఈ ఏడాది కొత్త ప్రిన్సిపాల్ వచ్చారు. మొదటి వారంలోనే రూల్ పెట్టారు: గేటు దాటాక తల మీద ఏమీ ఉండకూడదు.

రోజూ ఎలా జరుగుతోందో చెప్తాను. గేటు పక్కన సైకిల్ స్టాండు. దాని వెనక గోడవారగా నిలబడి తీస్తుంది. నాలుగు పిన్నులు. గడ్డం కింద ఒకటి, చెవుల దగ్గర రెండు, నడినెత్తిన ఒకటి. పిన్నులు పళ్ళ మధ్య పట్టుకుని, స్కార్ఫ్ నాలుగు మడతలు పెట్టి, రికార్డు బుక్కులో దాచుకుంటుంది. బళ్ళు పెట్టడానికి వచ్చిన మగపిల్లలు అక్కడే తచ్చాడుతుంటారట. ఒకరోజు ఒకడు ఫోన్ తీశాడని చెప్పింది. ఫొటో తీశాడో, ఊరికే చూసుకున్నాడో తెలీదు. అప్పటినుంచి సోమవారం వస్తే కడుపునొప్పి. స్కానింగ్ కూడా తీయించాం, ఏమీ లేదన్నారు. పొద్దున నేనిచ్చిన నీళ్ళ సీసా సాయంత్రం నిండుగానే వస్తోంది. ఎందుకే అంటే, బాత్రూమ్‌కి వెళ్ళాలంటే వరండా అంతా దాటాలి, అందరూ చూస్తారు అంటోంది.

ఇంకొకటి దాచకుండా చెప్పేస్తాను. నేను బురఖా వేసుకోను. గుంటూరు వైపు అత్తగారింట్లో పదకొండేళ్ళు వేసుకున్నాను. వద్దని నోరు తెరిచి చెప్పడానికి ఆ పదకొండేళ్ళూ పట్టింది. ఇప్పుడు నా కూతురు తనంతట తాను కట్టుకుంటానంటే నవ్వాలో ఏడవాలో తెలీలేదు. వద్దని చెప్పి చూశాను కూడా. "నువ్వు తీసేస్తానంటే ఎవరూ వినలేదన్నావు. నేను కట్టుకుంటానంటే నువ్వు వినడం లేదు" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

టీసీ తీసుకోవాలా, వెళ్ళి మాట్లాడాలా, ఈ ఒక్క ఏడాదీ ఓర్చుకోమనాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పొందూరు పంచె (శ్రీకాకుళం జిల్లా) – సోమవారం, రాత్రి 10:05

అమ్మా, తప్పుగా అనుకోవద్దు. యూనిఫాం అంటేనే అందరికీ ఒకటి. జాయిన్ చేసేటప్పుడు రూల్స్ మీద సంతకం పెట్టే ఉంటారు. ఇవాళ మీ పాపకి ఒప్పుకుంటే రేపు ఇంకొకడు కాషాయ కండువాతో వస్తానంటాడు. 2022లో కర్ణాటకలో జరిగిందదే. చదువుకునే చోట మతం గేటు బయట ఉండాలి. ఎవరి మతమైనా.

పలాస జీడిపప్పు – సోమవారం, రాత్రి 10:11

పంచె గారూ, మన రెండు జిల్లాల్లో మార్చి నుంచి జూన్ దాకా స్కూటీ మీద వెళ్ళే ఏ అమ్మాయికైనా కళ్ళు తప్ప ఏమైనా కనిపిస్తుందా? వాళ్ళు కడితే ఎండకి, ఈ పాప కడితే మతానికి.

పొందూరు పంచె – సోమవారం, రాత్రి 10:14

స్కూటీ దిగి వాళ్ళూ తీసేస్తారు. అదే తేడా.

గంటస్తంభం బట్టలకొట్టు (విజయనగరం) – సోమవారం, రాత్రి 10:30

ఎవరెందుకు కడుతున్నారో మాకు తెలీదు గానీ ఈ ఏడాది స్కార్ఫులు బాగా అమ్ముడుపోయాయి. జోకు పక్కన పెడితే, ఆ ఫోన్ తీసిన కుర్రాడి సంగతి ముందు కాలేజీకి రాతపూర్వకంగా చెప్పండమ్మా. స్కార్ఫ్ గొడవ తేలేదాకా ఆ ఫిర్యాదు ఆగక్కర్లేదు.

వకీలు బాబు (విజయనగరం) – మంగళవారం, ఉదయం 7:20

చట్టం సంగతి నాకు తెలిసినంత రాస్తాను. ఇది సలహా మాత్రమే, వకాలత్ కాదు.

కర్ణాటకలోని ఉడుపిలో ప్రభుత్వ పీయూ కాలేజీలో (మన ఇంటర్ లాంటిదే) 2021 చివర్లో హిజాబ్ మీద గొడవ మొదలైంది. కర్ణాటక ప్రభుత్వం 2022 ఫిబ్రవరి 5న యూనిఫాం తప్పనిసరి అంటూ జీవో ఇచ్చింది. మార్చి 15న అక్కడి హైకోర్టు ముగ్గురు జడ్జిల బెంచి, హిజాబ్ ఇస్లాంలో తప్పనిసరి మతాచారం కాదని, యూనిఫాం నిబంధన చెల్లుతుందని చెప్పింది. సుప్రీంకోర్టుకి వెళ్తే అక్టోబరు 13న ఇద్దరు జడ్జిలూ చెరో మాట చెప్పారు. జస్టిస్ హేమంత్ గుప్తా అప్పీళ్ళు కొట్టేశారు, జస్టిస్ సుధాంశు ధూలియా అనుమతించారు. మతంలో తప్పనిసరా కాదా అన్న తర్కమే ఇక్కడ అక్కర్లేదని, ఇది ఆ అమ్మాయి ఎంపికకి సంబంధించిన విషయమని, తన చదువు మెరుగుపడుతోందా లేదా అనేది చూడాలని ధూలియా గారి ధోరణి. పెద్ద బెంచి తేల్చాల్సిన మాట అలా ఉండిపోయింది. పోతే, కర్ణాటక జీవో కర్ణాటక వరకే. దాన్ని చూపించి ఇక్కడ ఎవరూ రూల్ పెట్టలేరు.

కానీ మీది ప్రైవేటు కాలేజీ. చిక్కంతా అక్కడే. కేరళ హైకోర్టులో ఒకే జడ్జి ఇచ్చిన రెండు తీర్పులు చూడండి. 2016లో మెడికల్ ప్రవేశ పరీక్షకి స్కార్ఫ్‌తో వెళ్ళొచ్చు, కాస్త ముందుగా వచ్చి తనిఖీ చేయించుకుంటే చాలన్నారు. 2018లో ఒక ప్రైవేటు స్కూల్ కేసులో మాత్రం, సంస్థని ఎలా నడుపుకోవాలన్నది యాజమాన్యం హక్కు, ఒక విద్యార్థి హక్కు దాన్ని దాటదన్నారు. 2024 ఆగస్టులో ముంబైలో ఒక ప్రైవేటు కాలేజీ హిజాబ్, టోపీ, బ్యాడ్జీలు వద్దని సర్క్యులర్ ఇస్తే సుప్రీంకోర్టు ఆ భాగం మీద స్టే ఇచ్చింది. అదీ మధ్యంతరమే, తుది తీర్పు కాదు.

అంటే కోర్టుకి వెళ్తే గెలుస్తారా ఓడతారా అన్నది ఎవరూ చెప్పలేరు. చెప్పగలిగింది ఒకటే, కేసు తేలేలోపు మీ పాప డిగ్రీ కూడా అయిపోతుంది. మాట్లాడుకోవడమే దగ్గర దారి. వెళ్ళినప్పుడు నీట్ సంగతి ఎత్తండి. దేశం మొత్తం రాసే పరీక్షకే మతాచారపు దుస్తులతో రానిస్తున్నారు, ముందుగా వచ్చి చెక్ చేయించుకోమంటున్నారు, అంతే. బైపీసీ కాలేజీ వాళ్ళకి ఆ రూల్ బాగా తెలుసు.

పొందూరు పంచె – మంగళవారం, ఉదయం 8:02

వకీలు గారూ, కర్ణాటకలోనే 2023లో సెకండ్ పీయూసీ ఆర్ట్స్‌లో స్టేట్ ఫస్ట్ వచ్చింది ఒక ముస్లిం అమ్మాయే. 600కి 593. రూల్ వచ్చాక హిజాబ్ కంటే చదువు ముఖ్యమనుకుని తీసి క్లాసులో కూర్చుంది. ఆ పాప కూడా పాపే కదా.

పలాస జీడిపప్పు – మంగళవారం, ఉదయం 8:10

ఆ పాపకి దండం పెడతాను. కానీ ముందటేడు అదే పరీక్షకి ఉడుపిలో హాల్ టికెట్ తీసుకుని కూడా, హిజాబ్‌తో రానివ్వక, రాయకుండా వెనక్కి వెళ్ళిపోయిన అమ్మాయిలున్నారు. వాళ్ళకి మార్కులే లేవు కాబట్టి పేపర్లో ర్యాంకు రాదు. మీకు ఫస్ట్ వచ్చినమ్మాయే కనిపిస్తుంది.

సికాకోల్ చెల్లి (శ్రీకాకుళం) – మంగళవారం, మధ్యాహ్నం 1:45

అందరూ ఆగండి కాసేపు. ఇక్కడ మాట్లాడేవాళ్ళలో అమ్మీ ఆపా (అక్క) తప్ప ఒక్కరైనా జీవితంలో ఒక్కసారి అది కట్టుకున్నారా?

నేను కట్టుకున్నాను. మా ఇల్లు జామియా మసీదుకి నాలుగు వీధుల అవతల. కుతుబ్‌షాహీల కాలం నాటి మసీదు, మా ఊరికి సికాకోల్ అన్న పేరూ పాతదే. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా నానీ (అమ్మమ్మ) కట్టింది. "హిజాబ్ నా ఛాయిస్" అని ఇన్‌స్టాలో రీల్స్ చూస్తే నాకు మండుతుంది. తొమ్మిదేళ్ళ పిల్లకి ఛాయిస్ ఏమిటి? అక్కకి కట్టారు, నాకూ కట్టారు. పన్నెండో ఏట నల్ల బురఖా. ఎండాకాలం రిక్షాలో ఏడు రోడ్ల జంక్షన్ దాకా వెళ్ళొస్తే లోపల జాకెట్టు పిండుకోవచ్చు. డిగ్రీ అయ్యాక, ఉద్యోగం వచ్చాక తీసేశాను. పెదనాన్న మూడేళ్ళు నాతో మాట్లాడలేదు. చిన్న చెల్లి పెళ్ళి పత్రికలో నా పేరు వెయ్యలేదు. ఆ మూడేళ్ళు నేను వేసుకున్న నిద్రమాత్రల లెక్క ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ చెప్తున్నాను.

కాబట్టి నేను పంచె గారి వైపు ఉండాలి కదా? ఉండను. ఎందుకో వినండి.

నేను ఇంటర్ చదివేటప్పుడు మా కాలేజీ ఇలాంటి రూల్ పెట్టి ఉంటే, మా నాన్న నన్ను స్కార్ఫ్ తీయించి పంపేవాడు కాదు. కాలేజీ మాన్పించేవాడు. ఆయన చెడ్డవాడు కాదు, నలుగురికీ జడిసే మనిషి. నాకు తాళం తీసింది కాలేజీ. అక్కడ ఫిజిక్స్ మేడమ్, లైబ్రరీ, బస్ పాసు, జేబులో ఇరవై రూపాయలు. బురఖాలోనే వెళ్ళి అవన్నీ సంపాదించుకున్నాను. తర్వాత దాన్ని తీసే ధైర్యం వచ్చింది. గేటు దగ్గర ఆపేసి ఉంటే ఇవాళ ఈ పోస్టు రాసేదాన్ని కాదు. బలవంతంగా కట్టుకున్న పిల్లని కాపాడాలని మీరు రూల్ పెడితే, ముందు ఇంట్లో కూలబడేది ఆ పిల్లే. ఇష్టపడి కట్టుకున్న పిల్ల సైకిల్ స్టాండు వెనక ఏడుస్తుంది. మరి రూల్ వల్ల బాగుపడింది ఎవరు?

ఆపా, మీ అమ్మాయికి నా తరఫున ఒక మాట చెప్పండి. రేపు తనకి తీసెయ్యాలనిపించినా ఎవరికీ భయపడక్కర్లేదని. అది కూడా చెప్పి పెట్టండి, మర్చిపోకుండా.

కంటోన్మెంట్ అమ్మీ – మంగళవారం, మధ్యాహ్నం 2:20

చెల్లీ, నీ పోస్టు వంటింట్లో నిలబడి చదివాను. పప్పు అడుగంటింది.

టొరంటో తూర్పోడు (సొంతూరు బొబ్బిలి) – మంగళవారం, సాయంత్రం 6:30

ఇక్కడ నాకు తెల్లారింది, కాఫీ తాగుతూ మొత్తం చదివాను. సికాకోల్ చెల్లి గారు చెప్పిన మాటకి ఫ్రాన్స్‌లో లెక్కలు కూడా ఉన్నాయి. 2004లో అక్కడ ప్రభుత్వ బడుల్లో కొట్టొచ్చినట్టు కనిపించే మత చిహ్నాలన్నీ నిషేధించారు. చట్టం అందరికీ అనే రాశారు, తగిలింది ఎక్కువగా ముస్లిం ఆడపిల్లలకి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులిద్దరు 2020లో అమెరికన్ పొలిటికల్ సైన్స్ రివ్యూలో ఒక పేపర్ వేశారు. ఆ చట్టం వచ్చినప్పుడు బడి వయసులో ఉన్న ముస్లిం అమ్మాయిల్లో హైస్కూలు పూర్తి చేసేవాళ్ళు తగ్గారని తేల్చారు. ఇంట్లోవాళ్ళు మాన్పించడం ఒక్కటే కారణం కాదు. బళ్ళో వివక్ష ఎక్కువైనట్టు అనిపించడం, దేశంతో, మతంతో తమ సంబంధం ఏమిటన్న పెనుగులాట కూడా కారణాలన్నారు.

దీనికి ఎదురు లెక్క కూడా ఉంది, దాచిపెడితే బాగుండదు. పారిస్ పరిశోధకులు 1994 నాటి మంత్రిత్వశాఖ సర్క్యులర్‌ని చూసి, ఆ తర్వాత ముస్లిం అమ్మాయిల చదువు మెరుగుపడిందన్నారు. ఒకే దేశం, పదేళ్ళ తేడా, రెండు జవాబులు. నాకు తోచిందేమిటంటే 1994లో ఎక్కడికక్కడ హెడ్మాస్టరు పిలిచి మాట్లాడే వీలుండేది, 2004 చట్టంలో ఆ సందు మూసుకుపోయింది. ఇది నా ఊహే సుమండీ.

మా పక్క రాష్ట్రం క్యూబెక్‌లో 2019 నుంచి కొత్తగా చేరే టీచర్లు, పోలీసులు మత చిహ్నాలు ధరించకూడదు. 2021లో మూడో తరగతి టీచరమ్మని హిజాబ్ కారణంగా క్లాసులోంచి తప్పించి వేరే పనిలో వేశారు. పిల్లలూ తల్లిదండ్రులూ ఆకుపచ్చ రిబ్బన్లు కట్టి నిరసన తెలిపారు.

పొందూరు పంచె – మంగళవారం, సాయంత్రం 7:15

ఫ్రాన్స్, కెనడా సరే. ఇరాన్ సంగతి ఎవరూ ఎత్తరేం? అక్కడ 2022లో జుట్టు కనిపించిందని పట్టుకెళ్ళిన 22 ఏళ్ళ మహ్సా అమీనీ పోలీసుల చేతిలో ఉండగానే చనిపోయింది. స్కార్ఫులు తగలబెట్టింది అక్కడి ముస్లిం ఆడవాళ్ళే. ఆ దేశంలో తీయడానికి ప్రాణాలు పోతుంటే, ఇక్కడ కట్టుకోవడానికి పోట్లాటా?

సికాకోల్ చెల్లి – మంగళవారం, రాత్రి 8:40

అదే ఇరాన్‌లో 1936లో రెజా షా తీయమని హుకుం ఇచ్చాడు. పోలీసులు రోడ్డు మీద ఒళ్ళంతా కప్పే చాదర్లు లాగేశారు. చాలామంది ఆడవాళ్ళు గడప దాటడం మానేశారు, ఊరుమ్మడి స్నానాలగది హమ్మాముకి కూడా వెళ్ళలేదు. 1979 తర్వాత కట్టుకోమని హుకుం. లాఠీ అదే పంచె గారూ, పట్టుకున్న చెయ్యి మారింది. టర్కీలో యూనివర్సిటీల్లో నిషేధం ఉన్న రోజుల్లో అమ్మాయిలు స్కార్ఫ్ మీద విగ్గు పెట్టుకుని క్లాసుకి వెళ్ళేవారు. జుట్టు దాచడానికి జుట్టు! నవ్వొస్తుంది గానీ ఒక్క రోజు ఊహించుకోండి.

మోడరేటర్ – మంగళవారం, రాత్రి 9:05

రెండు కామెంట్లు తీసేశాం. ఒకటి అమ్మీ గారిని పాకిస్తాన్ వెళ్ళమన్నది, ఇంకొకటి సికాకోల్ చెల్లి గారి ఈమాన్ (మత విశ్వాసం) కొలిచినది. రెండో మనిషి మొదటి మనిషికి సరిగ్గా సరిపోయాడు. ఇద్దరికీ వారం రోజులు సెలవు.

తెల్లకోటు (శ్రీకాకుళం, స్టాఫ్ నర్సు) – మంగళవారం, రాత్రి 11:30

నైట్ డ్యూటీలో ఉన్నాను, ఖాళీ దొరికింది. చట్టాలు, దేశాలు మీరు చూసుకోండి. నాకు ఆ నీళ్ళ సీసా మీదే ఉంది మనసు.

అమ్మా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా, వచ్చినా ఆపుకుని కూర్చునే ఆడపిల్లలకి మూత్రంలో ఇన్ఫెక్షన్ రావడం మేం రోజూ చూస్తాం. మంట, చలిజ్వరం ఉంటే ఆలస్యం చెయ్యకండి. సోమవారం కడుపునొప్పి నాటకం కాదు, అలాగని కడుపులో జబ్బూ కాకపోవచ్చు. స్కానింగ్‌లో కనిపించని నొప్పి చాలా ఉంది. బాగా టెన్షన్ పడే పిల్లల్లో పొట్టే ముందు మాట్లాడుతుంది. నిద్ర ఎలా ఉంది, అన్నం సరిగ్గా తింటోందా, ఫ్రెండ్స్‌తో ఫోన్లో మాట్లాడుతోందా గమనించండి. ఇవన్నీ తగ్గిపోతూ ఉంటే కౌన్సెలింగ్ ఇప్పించండి. 14416 అని టెలి మానస్ నంబరు ఉంది, ప్రభుత్వానిది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

బురఖా వేసుకుంటే విటమిన్ డి తగ్గుతుంది అని వచ్చే వాదన కూడా చెప్పేస్తాను, ఎవరో ఒకరు ఎత్తకుండా ఉండరు. ఒళ్ళంతా కప్పుకుంటే ఎండ తగలదు, నిజమే. కానీ మా దగ్గర పరీక్ష చేయిస్తే చీర కట్టుకున్నవాళ్ళకీ తక్కువే, బ్యాంకులో పనిచేసే మగాళ్ళకీ తక్కువే. దానికి మందుంది. అవమానానికి మందుల షాపులో ఏమీ దొరకదు.

ల్యాబ్ విషయంలో మాత్రం కాలేజీ వైపు కొంత న్యాయం ఉంది. బర్నర్ దగ్గర వేలాడే గుడ్డ ప్రమాదం, అది చున్నీ అయినా స్కార్ఫ్ అయినా. కాటన్‌ది కట్టి, కొసలు ఏప్రాన్ లోపలికి దోపుకోవాలి. ఆపరేషన్ థియేటర్లో మేం అందరం జుట్టు పూర్తిగా కప్పుకునే నిలబడతాం, అక్కడ ఎవరి తలా ఎవరికీ అడ్డం రాలేదు.

రిటైర్డ్ మాస్టారు (విజయనగరం) – బుధవారం, ఉదయం 6:10

అమ్మా, ముప్పై నాలుగేళ్ళు బడిలో పనిచేశాను. యూనిఫాం విషయంలో నాదీ చండశాసనమే. బెల్టు లేదని పిల్లల్ని ఎండలో నిలబెట్టిన పాపం నాకూ ఉంది. కనుక ఆ ప్రిన్సిపాల్ మనసు నాకు అర్థమవుతుంది. ఒక్కరికి సడలిస్తే తాడు మొత్తం జారిపోతుందని భయం.

కానీ మన ఊళ్ళో ఆటో ఎక్కి ఘోషాసుపత్రి అంటే ఎవడైనా తీసుకెళ్ళి దింపుతాడు. ఘోష అంటే ఏమిటిరా అని వాణ్ణి అడగండి, గోల అంటాడు. కాదు. ఘోషా అంటే పరదా. ఒకప్పుడు సంస్థానాల్లో, క్షత్రియుల ఇళ్ళల్లో, మీ వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు పరదా దాటేవారు కాదు. పురుడు అడ్డం తిరిగినా మగ డాక్టరు ముందుకి రాలేక లోపలే పోయినవాళ్ళున్నారు. అప్పటి పెద్దలు "ముందు పరదా తీసి రండి, ఆపైన పురుడు పోస్తాం" అనలేదు. పరదాతోనే రండి అని వాళ్ళ కోసం ఆసుపత్రులు పెట్టారు. మద్రాసులో 1885లో పెట్టారు, విశాఖలో పెట్టారు, మనకీ వచ్చింది. ఆడ డాక్టర్లు, ఆడ నర్సులు. వచ్చినవాళ్ళు బతికారు, బిడ్డలు బతికారు, ఆ బిడ్డలు బడికి వెళ్ళారు. పరదా ఎప్పుడు పోయిందో ఎవరికీ గుర్తు లేదు. పేరు మాత్రం ఆసుపత్రికి మిగిలింది. మా అమ్మాయి కాన్పు అక్కడే అయింది. ఆ వార్డులో నాకు ఘోషా ఎక్కడా కనిపించలేదు, ఘోష మాత్రం చెవులు చిల్లులు పడేలా వినిపించింది.

పొందూరు పంచె – బుధవారం, ఉదయం 7:40

మాస్టారూ, పోలిక బాగుంది గానీ అది ప్రాణం మీదికొచ్చిన సంగతి. ఇది క్రమశిక్షణ. పైగా మీ లెక్కన వదిలేస్తే దానంతట అదే పోతుందంటారు. మరి కేరళలో, హైదరాబాదులో ముందుకంటే ఇప్పుడే నల్ల బురఖాలు ఎక్కువ కనిపిస్తున్నాయి కదా. అది కూడా చూడాలి.

రిటైర్డ్ మాస్టారు – బుధవారం, ఉదయం 8:15

చూడాలి నాయనా, కాదనను. పోవాలనే నియమం నేను పెట్టలేదు. పిల్ల క్లాసులో కూర్చుంటే చాలంటున్నాను.

ఇంకో లెక్క చెప్తాను. 2011 జనాభా లెక్కల ప్రకారం మన రెండు జిల్లాల్లోనూ ముస్లింలు నూటికి ఒకరు కూడా లేరు. అరవై మంది క్లాసులో ఒకే ఒక్క తెల్ల స్కార్ఫ్. హైదరాబాదులో అయితే పక్క బెంచీలో ఇంకో ముగ్గురుంటారు, గుంపులో గోవిందా. ఇక్కడ ఆ పిల్ల ఒంటరి. ఉడుపి అంతటి గొడవని ఒక్క పిల్ల తల మీద మోయిస్తే మెడ ఆగుతుందా?

సికాకోల్ చెల్లి – బుధవారం, ఉదయం 9:00

పంచె గారన్న హైదరాబాదు మాట నిజమే, మా కజిన్స్‌లోనే చూస్తున్నాను. మా అమ్మ తరం చీర కొంగుతో సరిపెట్టుకుంది. వాళ్ళ మనవరాళ్ళు మొహం కూడా కప్పుతున్నారు. కొంత గల్ఫ్ నుంచి వచ్చిన అలవాటు, కొంత బయట మాటలు పడి పడి మొండికేయడం. నాకు నచ్చదు. ఇంట్లో కూర్చుని వాళ్ళతో దెబ్బలాడతాను. దెబ్బలాడాలంటే వాళ్ళు ఇంట్లోంచి బయటికి రావాలి కదా.

వకీలు బాబు – బుధవారం, ఉదయం 9:30

అమ్మీ గారూ, ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్తే ఒక కాగితం పట్టుకెళ్ళండి. రెండే విషయాలు. ఒకటి, ఫోన్ తీసిన కుర్రాడి మీద ఫిర్యాదు, తేదీతో. రెండు, యూనిఫాం రంగులోనే, ల్యాబ్‌లో కొసలు దోపుకుని కట్టుకుంటామన్న విన్నపం. కాపీ మీద రిసీవ్డ్ అని స్టాంపు వేయించుకోండి. గొంతు పెంచొద్దు, వీడియో తియ్యొద్దు, పార్టీ వాళ్ళని ఎవరినీ వెంట తీసుకెళ్ళొద్దు. ముఖ్యంగా చివరిది.

కంటోన్మెంట్ అమ్మీ – శనివారం, రాత్రి 8:50

ఏం జరిగిందో అందరికీ చెప్తాను. నిన్న వెళ్ళాం, నేనూ మా ఆయనా. ఆయన స్టూలు మీద కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు, ఆ మాటకొస్తే ఇంట్లోనూ అంతే.

ప్రిన్సిపాల్ ఆవిడ చెడ్డగా ఏమీ మాట్లాడలేదు. టీ ఇచ్చారు. ఫిర్యాదు తీసుకున్నారు, స్టాంపు వేశారు. ఆ అబ్బాయిని పిలిపించి, మా ముందే ఫోన్ తెరిపించారు. ఫొటో లేదు. ముందే తీసేశాడేమో తెలీదు. వాడి మొహం చూస్తే పదహారేళ్ళ గుంటడు, వణికిపోతున్నాడు. నాకు వాడి మీదా జాలేసింది. ఇక నుంచి సైకిల్ స్టాండు దగ్గర అటెండర్ ఉంటాడన్నారు.

స్కార్ఫ్ మాత్రం ఒప్పుకోలేదు. కొందరు పేరెంట్స్ వచ్చి అడిగారట, వాళ్ళకి ఏం చెప్పను అన్నారు. నీట్ సంగతి చెప్పాను. "అది ఒక్క రోజు పరీక్షమ్మా" అన్నారు. చివరికి ఇచ్చింది ఏమిటంటే, ల్యాబ్ పక్కన ఆడపిల్లల వెయిటింగ్ రూమ్ ఉంది, గేటు నుంచి అక్కడిదాకా కట్టుకుని రావచ్చు. అక్కడ అద్దం ఉంది, లోపలే బాత్రూమ్ ఉంది. అక్కడ తీసి క్లాసుకి వెళ్ళాలి. ల్యాబ్‌లో, ప్రాక్టికల్స్‌లో తెల్ల కాటన్ టోపీ అందరు ఆడపిల్లలూ పెట్టుకోవచ్చట, తల నూనె, చుండ్రు స్లైడ్ల మీద పడకుండా. తెల్లకోటు గారి ఆపరేషన్ థియేటర్ మాట నేనే చెప్పాను లెండి.

నాకు సంతోషంగా లేదు. మా పాప "సరే" అంది. ఆ సరేలో ఏముందో నాకు తెలీలేదు. రాత్రి చెల్లి చెప్పిన మాట చెప్పాను, ఎప్పుడైనా తీసెయ్యాలనిపిస్తే ఎవరికీ భయపడక్కర్లేదని. కాసేపు ఆలోచించి, "నీకు భయపడకుండా కట్టుకోవచ్చా?" అని అడిగింది. కట్టుకో తల్లీ అన్నాను. అది అనడానికి నాకు ఎంత కష్టమైందో అత్తగారింట్లో ఆ పదకొండేళ్ళు గడిపినవాళ్ళకే తెలుస్తుంది.

పొందూరు పంచె – శనివారం, రాత్రి 9:20

అమ్మా, నా అభిప్రాయం మారలేదు. కానీ ఆ సైకిల్ స్టాండు సంగతి మాత్రం అన్యాయం. మొదటి రోజే ఆ ముక్క అనాల్సింది, అనలేదు.

సికాకోల్ చెల్లి – శనివారం, రాత్రి 9:24

పంచె గారు సగం దిగొచ్చారు. మిగతా సగం సంక్రాంతికి.

తెల్లకోటు – శనివారం, రాత్రి 10:40

అమ్మా, నీళ్ళు తాగుతోందా?

కంటోన్మెంట్ అమ్మీ – సోమవారం, సాయంత్రం 5:55

ఇవాళ సీసా ఖాళీగానే తెచ్చిందమ్మా. తాగిందో, నేను అడుగుతానని దారిలో పారబోసిందో అడగలేదు. పొద్దున కడుపునొప్పి అనలేదు.